అడ్వెంచర్ గేమ్‌లో సేవ్‌లు ఎలా పెట్టుకోవాలి: స్లాట్ పేరు నుంచి బ్యాకప్ దాకా

1990లో వచ్చిన కింగ్స్ క్వెస్ట్ 5లో బేకరీ బయట ఒక పిల్లి ఎలుకను తరుముతూ పరుగెత్తుతుంది. మీ దగ్గర పాత బూటో కర్రో ఉంటే ఆ కొద్ది క్షణాల్లోనే పిల్లి మీదికి విసరాలి. విసరలేదనుకోండి, ఆట ఒక్క మాట కూడా అనదు. మీరు హాయిగా తిరుగుతూనే ఉంటారు, పజిల్స్ విప్పుతూనే ఉంటారు. చాలాసేపటి తర్వాత సత్రంలో మిమ్మల్ని తాళ్లతో కట్టి నేలమాళిగలో పడేస్తారు. ఆ తాళ్లు కొరికి విడిపించేది మీరు కాపాడిన ఎలుకే. కాపాడకపోతే ఆట అక్కడితో సరి. ఆ పిల్లీ ఎలుకా మళ్లీ కనిపించవు.

ఈ రకం ఆటల్లో సేవ్‌కి రెండు పనులున్నాయి. ఆపిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టించడం ఒకటి. ఇది అందరికీ తెలుసు. రెండోది, ఏదో పోగొట్టుకున్నామని ఆలస్యంగా తెలిసినప్పుడు, అది ఇంకా మన చేతిలో ఉన్న చోటికి వెనక్కి తీసుకెళ్లడం. ఒకే స్లాట్‌లో, అంటే ఒక సేవ్ దాచుకునే గదిలో, మళ్లీ మళ్లీ సేవ్ చేసేవాళ్లకు మొదటి పని జరుగుతుంది, రెండోది జరగదు. ఈ మార్గదర్శి అంతా ఆ రెండో పని కోసమే.

ముందుగా: ఆట ఎంత కఠినమైనదో తెలుసుకోండి

అన్ని ఆటలకూ ఒకే జాగ్రత్త అక్కర్లేదు. టెక్స్ట్ అడ్వెంచర్లు, అంటే బొమ్మల్లేకుండా మాటలతో నడిచే ఆటలు, రాసే ఆండ్రూ ప్లాట్కిన్ 1996లో ఒక కొలమానం చెప్పారు. ఆటగాడు సేవ్‌ల విషయంలో ఎంత జాగ్రత్తపడాలన్న దాన్ని బట్టే ఆయన ఆటలను ఐదు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు దయగల ఆట: కంప్యూటర్ ఆపేసేటప్పుడు ఒక్క సేవ్ ఉంటే చాలు. రెండోది మర్యాదగల ఆట: తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది, కాబట్టి అప్పుడూ ఒక్క సేవ్‌తో గడిచిపోతుంది. మూడోదానిలో తిరిగి సరిదిద్దుకోలేని పనులుంటాయి కానీ చేయబోయే ముందే అనుమానం వస్తుంది. నాలుగోదానిలో చేశాక తెలుస్తుంది. ఐదోదానిలో చేసి చాలాదూరం వెళ్లాకగానీ తెలియదు. ఎలుక సంగతి ఈ చివరి మెట్టుదే.

మీ ఆట ఏ మెట్టుదో ఎలా కనిపెట్టాలి? తయారుచేసిన వాళ్లను బట్టి, కాలాన్ని బట్టి కొంత ఊహించవచ్చు. 1980లలో, 90ల మొదట్లో వచ్చిన సియెరా కంపెనీ (కింగ్స్ క్వెస్ట్ వాళ్లదే) ఆటలన్నిటినీ కఠినమైనవిగానే లెక్కవేసుకోండి. అడుగు తప్పితే చావు, వస్తువు మరిచిపోతే దారి మూత. లూకాస్‌ఫిల్మ్ వాళ్లు 1990లో ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్ నాటికి దీనికి ఎదురు దారి పట్టారు. అందులో హీరో చావడం, దారి మూసుకుపోవడం దాదాపు లేవు. నీటి అడుగున పది నిమిషాలకు మించి కదలకుండా ఉండిపోతే మాత్రం మునిగిపోతాడు. అది కావాలని పెట్టిన చిలిపి పని. ఇప్పటి పాయింట్ అండ్ క్లిక్ ఆటలు ఎక్కువగా మొదటి రెండు మెట్లలోనే ఉంటాయి.

ఇంకా తేలకపోతే వాక్‌త్రూ, అంటే ఆటను మొదటి నుంచి చివరిదాకా ఎలా ఆడాలో చెప్పే గైడ్, మొదటి పేరా ఒక్కటే చదవండి. దారి మూసుకుపోయే చోట్లుంటే రాసినవాళ్లు సాధారణంగా అక్కడే హెచ్చరిస్తారు. పజిల్ సమాధానాలు కంటబడకముందే మూసేయండి.

మొదటి ఐదు నిమిషాలు: సేవ్ నిజంగా పనిచేస్తోందా

ఆట మొదలవగానే ఒక సేవ్ పెట్టండి. ఆట పూర్తిగా మూసేయండి. మళ్లీ తెరిచి ఆ సేవ్‌ని లోడ్ చేయండి. చాలామంది చేయని పని ఇది. ఫోల్డర్‌లో రాసే అనుమతి లేకపోయినా, డిస్క్ నిండిపోయినా, గేమ్ ఫైల్ ఏదైనా పాడై ఉన్నా ఆ ఐదు నిమిషాల్లోనే బయటపడుతుంది. మూడు గంటలు ఆడాక బయటపడితే ఆ మూడు గంటలూ పోయినట్టే.

మీటల సంగతి. సియెరా పాత ఆటల్లో ఎఫ్5 సేవ్, ఎఫ్7 లోడ్. లూకాస్ ఆటల్లో ఎఫ్5 నొక్కితే రెండూ ఉన్న మెనూ వస్తుంది. ఈ రెండింటి మధ్య తిరిగేవాళ్లు ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కేస్తుంటారు, కాస్త చూసుకోండి. పాత అడ్వెంచర్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్‌లో ఆడుతుంటే కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కండి. ఏ ఆటైనా స్కమ్‌వీఎం సొంత మెనూ వస్తుంది, అందులోనే సేవ్, లోడ్ ఉంటాయి. టెక్స్ట్ అడ్వెంచర్లలో సేవ్, రిస్టోర్ అనే ఆదేశాలు టైప్ చేయాలి. వాటిలో చాలావరకు అన్‌డూ కూడా ఉంటుంది. అది ఒకటి రెండు అడుగులు వెనక్కి వేయడానికి పనికొస్తుందిగానీ సేవ్‌కి బదులు కాదు.

ఆ మెనూలోనే ఎన్ని స్లాట్లున్నాయో చూడండి. పాత ఆటల్లో కొన్ని పది, ఇరవై దగ్గరే ఆగిపోతాయి. కొత్తవాటిలో కొన్ని మీకు స్లాట్లే ఇవ్వవు, ఆటోసేవ్ ఒక్కటే. అలాంటి ఆటకైతే కింద చెప్పే ఫోల్డర్ కాపీ పద్ధతే దిక్కు.

ఎప్పుడు సేవ్ చేయాలి

గడియారం చూసి పదిహేను నిమిషాలకోసారి సేవ్ చేయడం యాక్షన్ ఆటలకు సరిపోతుంది. అడ్వెంచర్‌లో ఆట స్థితి మారిన ప్రతి చోటా చేయాలి. నేను చేసే చోట్లు ఇవి:

- కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టే ముందు. ముఖ్యంగా పడవ, రైలు, కూలిపోయే వంతెన, వెనక మూసుకునే తలుపు లాంటివి కనిపిస్తే.
- ఏదైనా వస్తువును వాడేసే ముందు: తినడం, ఇచ్చేయడం, విసరడం, కాల్చడం, పగలగొట్టడం. తిరిగి రాని వస్తువు దగ్గర ఆట ఎప్పుడూ ప్రమాదమే.
- ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు ఒకదానికొకటి ఎదురైన రెండు జవాబులు వచ్చినప్పుడు.
- పెద్ద పజిల్ తెగిన వెంటనే.

వీటిలో రెండోదాన్ని గట్టిగా చెబుతాను. అదే కింగ్స్ క్వెస్ట్ 5లో ‘కస్టర్డ్ పై’ అనే తీపి వంటకం కొనుక్కుంటారు. కొండల్లో హీరోకి ఆకలేస్తుంది. చేతిలో ఉంది కదా అని ఆ వంటకం తినేస్తే ఆకలి తీరుతుంది, ఆట ముందుకే సాగుతుంది. తర్వాత ఎదురయ్యే హిమ రాక్షసుడి ముఖాన విసరాల్సింది ఆ వంటకాన్నే. తినేముందు ఒక సేవ్ ఉన్నవాళ్లు వెనక్కి వెళ్లి వేరేదేదో తింటారు. లేనివాళ్లు ఆట మొదటికి వెళ్తారు.

ఎప్పుడు చేయకూడదో కూడా తెలిసుండాలి. ఎవరో తరుముకొస్తుండగా, విషం ఎక్కుతుండగా, సమయం లెక్క నడుస్తుండగా సేవ్ చేస్తే లోడ్ చేసిన ప్రతిసారీ అదే చావు ఎదురవుతుంది. అలాంటి చోట చేయక తప్పకపోతే కొత్త స్లాట్‌లో చేయండి, పాతది ముట్టుకోకండి. ప్రశాంతంగా ఉన్న తెర మీద, పాత్ర కదలకుండా నిలబడినప్పుడు చేసిన సేవే మేలు. దృశ్యం నడుస్తుండగా సేవ్ చేయడానికి చాలా ఆటలు అసలు ఒప్పుకోవు.

స్లాట్ల అమరిక

పాత సేవ్ మీద కొత్తది రాయడం, అంటే ఓవర్‌రైట్, చాలావరకు మానేయండి. సేవ్ ఫైళ్లు చిన్నవి. పాత ఆటల్లో కిలోబైట్లలో, ఇప్పటివాటిలో తెర చిత్రంతో కలిపి కొద్ది మెగాబైట్లలో ఉంటాయి. చోటు మిగల్చాలని చూసుకోవలసినంత బరువు కాదు.

స్లాట్లకు పరిమితి లేని ఆటలో నంబర్ పెంచుకుంటూ పోండి, ఏదీ తుడపకండి. పరిమితి ఉంటే రెండు వాటాలు చేయండి. పది స్లాట్లున్నాయనుకుందాం. మొదటి ఏడూ మైలురాళ్లు: అధ్యాయం మొదలు, ప్రాంతం మారడం, పెద్ద పజిల్ తర్వాత. వీటి మీద ఎప్పుడూ రాయకండి. చివరి మూడూ తిరుగుడు స్లాట్లు. ఎనిమిది, తొమ్మిది, పది, మళ్లీ ఎనిమిది అంటూ వంతులవారీగా రాస్తూ పోండి. అంటే చివరి మూడు క్షణాలు ఎప్పుడూ చేతిలో ఉంటాయి. ఏడు మైలురాళ్లూ నిండిపోతే వాటిని బయట వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు స్లాట్లు మళ్లీ వాడుకోండి.

కథ రెండుగా చీలే ఆటల్లో చీలిక దగ్గరి సేవ్‌ని ప్రత్యేకంగా ఉంచండి. రెండో దారి చూడాలని మనసైనప్పుడు ఆట మొత్తం మళ్లీ ఆడే పని ఉండదు.

పేరు

ఒకసారి ఒక ఆటను సగంలో ఆపి నెలన్నర తర్వాత తెరిచాను. పదకొండు సేవ్‌లున్నాయి. ‘గుహ’, ‘గుహ2’, ‘గుహ కొత్తది’, ‘ఇక్కడే’, ‘మళ్లీ గుహ’... ఏది ముందుదో, దేనిలో లాంతరు ఉందో, దేనిలో లేదో తెలియలేదు. ఒక్కొక్కటీ లోడ్ చేసి ఇన్వెంటరీ (చేతిలో ఉన్న వస్తువుల జాబితా) తెరిచి కాగితం మీద రాసుకుంటూ కూర్చుంటే ఆ సాయంత్రమంతా దానికే అయింది. సేవ్‌లన్నీ భద్రంగానే ఉన్నాయి, పేర్లే పనికిరాకుండా ఉన్నాయి.

అప్పటి నుంచి పేరులో మూడు సంగతులు పెడుతున్నాను: వరుస నంబరు, చోటు, ఏం చేయబోతున్నానో లేదా చేతిలో ఏముందో. ఇలా:

07 బేకరీ బయట, బూటు ఉంది
08 ఎలుక బతికింది, బూటు లేదు
09 సత్రం తలుపు, లోపలికి వెళ్లే ముందు

నంబరు రెండంకెలతో మొదలుపెట్టండి. 1, 2 అని పెడితే జాబితా అక్షరక్రమంలో అమరినప్పుడు 10వది 2 కంటే ముందు కూర్చుంటుంది. పాత ఆటలు తెలుగు అక్షరాలు తీసుకోవు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలే రాసుకోండి. పేరు పెట్టనివ్వని ఆటలో తేదీ, సమయం మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు పక్కన ఒక నోట్స్ ఫైల్ తెరిచి ఆ సమయం ఎదురుగా ఒక్క లైను రాసుకుంటే చాలు.

ఆటోసేవ్ మీద ఎంత ఆధారపడవచ్చు

కరెంటు పోయినా, ఆట ఉన్నట్టుండి మూసుకుపోయినా ఆటోసేవ్ ఆదుకుంటుంది. అంతవరకే. అది తన పాత కాపీ మీదే తాను రాసుకుంటుంది కాబట్టి గంట కిందటి తప్పును దిద్దుకోవడానికి పనికిరాదు. స్కమ్‌వీఎం మామూలుగా ఐదు నిమిషాలకోసారి ఆటోసేవ్ చేస్తుంది, దాదాపు అన్ని ఆటల్లోనూ సున్నా నంబరు స్లాట్‌లో. ఆ స్లాట్ మీరు వాడకండి. ఒక్క మీట నొక్కి చేసే క్విక్‌సేవ్ కూడా ఇలాంటిదే, ఒకటే చోటు ఉంటుంది. చావొచ్చే మలుపు దగ్గర పదేపదే ప్రయత్నించడానికి వాడండి, ఆ మలుపు దాటాక మామూలు సేవ్ ఒకటి చేయండి.

దారి మూసుకుపోయిందని అనుమానమొస్తే

దాచుకున్న సేవ్‌లన్నీ పనికొచ్చేది ఇక్కడే. తొందరపడి మొదటి నుంచి ఆడకండి. నిన్నటి సేవ్, మొన్నటి సేవ్ అంటూ ఒక్కొక్కటే వెనక్కి వెళ్లినా చాలా సమయం పోతుంది. సగానికి విరుచుకుంటూ వెళ్లండి.

ముందు పోయిందేమిటో తేల్చుకోండి. ఒక వస్తువా, ఒక మనిషి సాయమా, ఒక తలుపా? సరిగ్గా ఆ ఒక్క సంగతికి మాత్రమే వాక్‌త్రూ చూసినా తప్పులేదు. పదహారు సేవ్‌లున్నాయనుకుందాం. ఎనిమిదోది లోడ్ చేయండి. ఆ వస్తువు ఇంకా దొరికే స్థితిలో ఉందా? ఉంటే తప్పు ఎనిమిది తర్వాతే జరిగింది, పన్నెండోది లోడ్ చేయండి. లేకపోతే ముందే జరిగింది, నాలుగోది చూడండి. ఇలా నాలుగైదు లోడ్‌లలో సరిగ్గా ఏ రెండు సేవ్‌ల మధ్య పోగొట్టుకున్నారో తేలిపోతుంది. ఆ రెండింటిలో ముందుదాని నుంచి ఆడండి. పజిల్ సమాధానాలన్నీ ఇప్పటికే తెలుసు కాబట్టి గంటన్నర ఆట పది పదిహేను నిమిషాల్లో మళ్లీ నడుస్తుంది.

పాత సేవ్ నుంచి మళ్లీ మొదలుపెట్టినప్పుడు చెడిపోయిన కొమ్మలోని సేవ్‌లను వెంటనే తుడిచేయకండి. ఆ దారిలో మీరు కనిపెట్టిన తాళం నంబరో, మాటల్లో దొరికిన ఆనవాలో మళ్లీ చూడాల్సి రావచ్చు. పేరు ముందు ఒక గుర్తు పెట్టి, ఆట పూర్తయ్యాక తీసేయండి.

ఫైళ్లు ఎక్కడుంటాయి

విండోస్‌లో సేవ్‌లకు ఒకే ఇల్లు లేదు. వెతకాల్సిన చోట్లు: డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్, యాప్‌డేటా లోపలి రోమింగ్, లోకల్, LocalLow అనే ఫోల్డర్లు. యూనిటీ అనే ఆటల తయారీ సాధనంతో చేసిన ఆటలు తరచుగా LocalLow ఫోల్డర్‌లో రాస్తాయి. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఇంకో సాధనంతో చేసినవి సేవ్డ్ గేమ్స్‌లో ఆట పేరు ఫోల్డర్ కింద ఉంటాయి, ఏజీఎస్‌సేవ్ అనే పేరు, చివర చుక్క, మూడంకెలు. స్కమ్‌వీఎం సేవ్‌లు రోమింగ్‌లో స్కమ్‌వీఎం ఫోల్డర్ లోపల ఉంటాయి. సెట్టింగ్స్‌లో దారుల ట్యాబ్‌కి వెళ్లి ఆ చోటు మీకిష్టమైన ఫోల్డర్‌కి మార్చుకోవచ్చు, నేనైతే మార్చుకోమనే చెబుతాను. యాప్‌డేటా మామూలుగా కనబడదు. విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కి, రెండు శాతం గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లిష్‌లో (%appdata%) టైప్ చేస్తే నేరుగా రోమింగ్ తెరుచుకుంటుంది.

నేను ఒకసారి కంప్యూటర్ ఫార్మాట్ చేసేముందు డాక్యుమెంట్స్ మొత్తం జాగ్రత్తగా కాపీ చేసుకున్నాను. ఆటల సేవ్‌లు యాప్‌డేటాలో ఉన్నాయి. రెండు ఆటలు చివరి అధ్యాయంలో పోయాయి. ఫార్మాట్‌కి ముందు ఆ దాగి ఉన్న ఫోల్డర్ తెరిచి చూడండి.

పాత ఆటల విషయంలో ఇంకో దాగుడుమూత ఉంది. అవి సేవ్‌లను తమ ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విండోస్ విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో అలా రాయడానికి మామూలు యూజర్‌కి అనుమతి లేదు. ఆట ఆగిపోకుండా విండోస్ ఆ ఫైళ్లను చప్పుడు లేకుండా యాప్‌డేటా లోకల్‌లోని వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్‌కి మళ్లిస్తుంది. ఆటలో సేవ్ కనబడుతుంది, ఫోల్డర్‌లో వెతికితే ఉండదు. పాత ఆటలను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక విడిగా ఒక గేమ్స్ ఫోల్డర్ చేసుకుని అందులో ఇన్‌స్టాల్ చేస్తే ఈ గొడవే ఉండదు. పాత డాస్ ఆటలను నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆడేవి చాలావరకు ఆట ఫోల్డర్‌లోనే రాస్తాయి.

మ్యాక్‌లో ఎక్కువగా లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్‌లో ఉంటాయి. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ మీట పట్టుకుంటే లైబ్రరీ కనబడుతుంది. లినక్స్‌లో హోమ్ లోపల చుక్కతో మొదలయ్యే లోకల్ ఫోల్డర్‌లోని షేర్ చూడండి. ఎక్కడా దొరకకపోతే ఆటలో ఒక కొత్త సేవ్ చేసి, గత పది నిమిషాల్లో మారిన ఫైళ్లను వెతకండి. ఇది ఏ ఆటకైనా పనిచేస్తుంది.

బ్యాకప్, క్లౌడ్

దొరికిన ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేయండి. కొన్ని ఆటల్లో ప్రతి సేవ్‌కి తోడు ఒక జాబితా ఫైల్ కూడా ఉంటుంది, సేవ్ ఒక్కటే తీసుకెళ్తే మెనూలో కనబడదు. కాపీకి తేదీ పేరు పెట్టి ఇంకో డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉంచండి. కాపీ చేసేటప్పుడు ఆట మూసి ఉండాలి. తర్వాత ఒక్కసారైనా ఆ కాపీ నుంచి సేవ్ వెనక్కి పెట్టి లోడ్ అవుతుందో లేదో చూడండి.

సేవ్‌లను ఆన్‌లైన్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ లాంటివి ఉన్నాయి కదా అంటే, అవి రెండు కంప్యూటర్ల మధ్య ఒకే సేవ్‌ని సరిపోల్చి ఉంచడానికి. ఇక్కడ పొరపాటున తుడిచేస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. రెండు చోట్లా వేర్వేరు సేవ్‌లుంటే ఏది ఉంచాలని అడుగుతుంది. ఆ ప్రశ్న తెర మీద ఉండగానే, ఏదీ నొక్కకముందే, కంప్యూటర్‌లోని సేవ్ ఫోల్డర్‌ని పక్కకు కాపీ చేసుకోండి. ఆ తర్వాత తప్పు ఎంచుకున్నా నష్టం ఉండదు. క్లౌడ్‌లోని ఫైళ్లను స్టీమ్ వెబ్‌సైట్‌లో మీ ఖాతా నుంచి విడిగా డౌన్‌లోడ్ చేసుకునే వీలు కూడా ఉంది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మారేముందు ఆట మూసి, సింక్ పూర్తయిందని చూసుకున్నాకే లేవండి.

వెర్షన్ మారినప్పుడు

ఆట అప్‌డేట్ అయ్యాక పాత సేవ్ తెరుచుకోకపోవడం మామూలే. అడ్వెంచర్ గేమ్ స్టూడియో ఆటల్లో ఇది మరీ ఎక్కువ. సేవ్‌లో ఆట లోపలి అమరిక యథాతథంగా ఉంటుంది, ఆ అమరిక మారితే పాతది సరిపోదు. టెక్స్ట్ అడ్వెంచర్లదీ అదే కథ. క్వెట్జల్ అనే సేవ్ పద్ధతి వల్ల ఒక ఇంటర్‌ప్రెటర్‌లో (టెక్స్ట్ ఆటను నడిపే ప్రోగ్రామ్‌లో) చేసిన సేవ్ ఇంకో దానిలో తెరుచుకుంటుందిగానీ, ఆట ఫైల్ మాత్రం సరిగ్గా అదే విడుదలై ఉండాలి. అందుకే ఆట సగంలో ఉండగా అప్‌డేట్ వస్తే, ఆపే వీలుంటే ఆపండి, లేకపోతే ముందు బ్యాకప్ తీయండి. స్కమ్‌వీఎం పాత వెర్షన్ సేవ్‌లను కొత్త వెర్షన్ చాలావరకు తెరుస్తుంది, కొత్తదానిలో చేసినవి పాతదానిలో తెరుచుకుంటాయని అనుకోవద్దు.

స్కమ్‌వీఎంలో సేవ్‌లు ఉన్నట్టుండి మాయమయ్యాయని చాలామంది కంగారుపడతారు. అవి మాయం కావు. జాబితాలో ఒకే ఆటను రెండోసారి చేర్చితే దానికి వేరే గుర్తింపు పేరు వస్తుంది, చివర గీత పెట్టి ఒక నంబరు. చాలా ఆటల్లో సేవ్ ఫైల్ పేరు ఆ గుర్తింపు పేరుతోనే మొదలవుతుంది. కొత్త పేరుతో తెరిచిన ఆట పాత పేరు ఫైళ్లను చూడదు. ఆట సెట్టింగ్స్‌లో గుర్తింపు పేరు పాతదానికి మార్చండి, లేదా పాత ఎంట్రీ నుంచే తెరవండి. సేవ్‌లన్నీ వరుసగా కనబడతాయి, బూటు ఉన్నదీ, లేనిదీ.